చిన్న సామిల్లు గిట్టుబాటు లెక్క: దుంగ కొలత నుంచి పొట్టు బస్తా దాకా

సామిల్లు పెడదామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది యంత్రం ఎంత అని. అది నాలుగో ప్రశ్న కావాలి. దుంగ ఎంతకు పడుతోంది, అందులోంచి అమ్మదగ్గ చెక్క ఎంత దిగుతోంది, రంపం రోజుకు నికరంగా ఎన్ని గంటలు కోస్తోంది అన్న మూడూ కాగితం మీద తేలాకే యంత్రం దగ్గరికి రావాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 36 అంగుళాల చక్రాల బ్యాండ్‌సా (రెండు చక్రాల మీద తిరిగే పట్టీ రంపం), 15 హెచ్‌పీ మోటారు, దుంగను రంపం మీదికి నడిపే ట్రాలీ, ఒక మేస్త్రి, ఇద్దరు కూలీలతో నడిచే మిల్లును మనసులో పెట్టుకుని ఈ లెక్క వేస్తున్నాం. ఇందులోని రూపాయలన్నీ లెక్క నడిచే తీరు చూపడానికి వేసుకున్నవి. వాటి చోట మీ ఊరి రేట్లు పెట్టుకోండి. కొలతల సూత్రాలు మాత్రం ఎక్కడైనా అవే.

ముందు కాగితాలు

అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో 1996 నుంచి సుప్రీంకోర్టు ఇస్తూ వచ్చిన ఆదేశాల వల్ల కొత్త సామిల్లుకు అనుమతి తేలికగా రాదు. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కలప పరిశ్రమల అనుమతులు రాష్ట్ర స్థాయి కమిటీ చేతిలో ఉంటాయి. అడవి హద్దుకు ఎంత దూరంలో ఉన్నారన్నది అక్కడ ముఖ్యం. పాత మిల్లు కొన్నా లైసెన్సు పేరు మార్పు, చోటు మార్పు అటవీశాఖ ఒప్పుకుంటేనే చెల్లుతాయి. కాబట్టి డివిజనల్ అటవీ అధికారి కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా యంత్రానికి అడ్వాన్సు ఇవ్వకండి. చాలామంది డబ్బు ఇరుక్కునేది ఇక్కడే.

రైతు పొలంలో చెట్టు కొట్టడానికి నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి, కలప రోడ్డెక్కడానికి రవాణా పర్మిట్ ఉండాలి. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. ఏ జాతికి ఉందో అటవీ రేంజి ఆఫీసులో అడిగి, ఆ జాబితా నకలు మిల్లులో అతికించుకోండి. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు మిల్లులకు ఒడిశా దుంగలు చవగ్గా కనబడతాయి. సరిహద్దు దాటిన కాగితం లేని దుంగ ఏ ధరకూ చవక కాదు. వచ్చిన ప్రతి దుంగకూ నంబరు వేసి, చుట్టు, పొడవు, పర్మిట్ నంబరు రిజిస్టరులో రాయండి. తనిఖీకి అదే ఆధారం. దిగుబడి లెక్క కట్టాలన్నా ఆ రిజిస్టరే కావాలి.

దుంగ కొనడం

లాభం చాలావరకు ఇక్కడే తేలిపోతుంది, అందుకని ఇక్కడ కాస్త నిలుద్దాం.

మన దగ్గర కొలత పావు చుట్టు పద్ధతిలో జరుగుతుంది. దుంగ నడుముకు టేపు చుట్టి, వచ్చిన అంగుళాలను 4తో భాగించి, ఆ అంకెను దానితోనే హెచ్చవేసి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగిస్తే సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగులు వస్తాయి. ధర, ఖర్చు చెప్పేటప్పుడు అడుగంటే ఈ ఘనపుటడుగే. చుట్టు 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు ఉంటే 12 × 12 × 10 ÷ 144 = 10 సీఎఫ్‌టీ. నిజానికి ఆ దుంగలో ఉన్న కర్ర 12.73 సీఎఫ్‌టీ. గుండ్రంగా ఉన్నదాన్ని ఈ పద్ధతి చదరం కింద కడుతుంది కాబట్టి 21 శాతానికి పైగా కర్ర లెక్కలోకి రాదు. దుంగ గుండ్రటి అంచుల నుంచి వచ్చే పక్కచెక్కలకు పోయే తరుగు కింద దాన్ని వ్యాపారం ఎప్పుడో ఒప్పేసుకుంది. అందుకే 70 శాతం దిగుబడి వచ్చిందని ఎవరన్నా చెబితే ఏ కొలత మీద అని అడగండి. పావు చుట్టు మీద 70 అంటే అసలు కర్ర మీద 55 మాత్రమే.

టేపు ఎక్కడ చుట్టారన్నది చూడండి. మొదలు 54 అంగుళాలు, కొస 42 ఉన్న దుంగకు నడుము దగ్గర 48 వస్తుంది, అంటే 10 సీఎఫ్‌టీ. మొదలు దగ్గర చుట్టి కొలిస్తే అదే దుంగ 12.66 అవుతుంది. లేని రెండున్నర అడుగులకు పైగా డబ్బు కట్టినట్టే. తాటిమొద్దులా నిటారుగా ఉన్నవాటికి ఈ తేడా రాదు. మామిడి, చింత, నిద్రగన్నేరుకు తప్పకుండా వస్తుంది.

బెరడు సంగతి ఇంకా పెద్దది. అర అంగుళం మందం బెరడు ఉంటే 48 అంగుళాల చుట్టులో 3.14 అంగుళాలు బెరడుదే. బెరడు మినహాయిస్తే చుట్టు 44.86, లెక్క 8.74 సీఎఫ్‌టీ. పదికి ఒకటింపావు అడుగు బెరడు కింద పోయిందన్నమాట. అడుగు 300 రూపాయలనుకుంటే 378 రూపాయలు. బేరం దగ్గర రేటులో 10 రూపాయలు తగ్గించమని గంటసేపు వాదించేకన్నా, నడుము దగ్గర జానెడు మేర బెరడు చెక్కి టేపు చుట్టడానికి ఒప్పించడం మేలు. రైతుకూ అభ్యంతరం ఉండదు, ముందే చెబితే. కొలిచేశాక చెబితే మాత్రం గొడవే.

ఊళ్ళల్లో చాలా చెట్లు నిలబడి ఉండగానే గుత్తకు ఇస్తారు. అప్పుడు నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో చుట్టు కొలిచి, మొదటి పెద్ద కొమ్మ దాకా ఉన్న పొడవు చూసి, నడుము చుట్టు సుమారు 85 శాతం ఉంటుందని వేసుకోండి. ఆ పైన ఉన్న కొమ్మలను వంటచెరుకు ధరకే లెక్కకట్టాలి. వాటిని కలప ధరకు కట్టినవాళ్ళకే గుత్త బెడిసికొడుతుంది. గొడ్డలి మడమతో మొదలు చుట్టూ కొట్టి వినండి. గట్టి చెట్టు ఠక్కుమంటుంది, డొల్ల చెట్టు డబ్బాలా మోగుతుంది. పాత మామిడి, వేప, చింతల్లో ఏ కొమ్మో విరిగిన చోట నీళ్ళు దిగి లోపల పుచ్చడం మామూలే. కొమ్మ తెగిన గాయం కనబడితే దాని కింద మూడడుగులు నష్టం కింద తీసేసి బేరమాడండి.

ఇళ్ళ మధ్య చెట్లు, రోడ్డు పక్క చెట్లు, పశువుల పాకకు ఆనుకున్న చెట్లు మేకుల గనులు. పలుపు కట్టడానికి కొట్టిన మేకు, బోర్డు మేకు, కంచె తీగ ఇరవయ్యేళ్ళలో కర్రలోకి మునిగిపోతాయి. బెరడు తీశాక ఒక చోట నీలంనలుపు మచ్చ చారలా కనబడితే లోపల ఇనుముందని అర్థం. చేతి మెటల్ డిటెక్టరు ఒకటి కొనుక్కోండి. ఒక బ్లేడు కాపాడితే దాని ఖర్చులో చాలా వరకు వచ్చేస్తుంది. ఇనుమున్న ముక్క తొలగించి కోయడమో, ఆ దుంగను వంటచెరుకుకు వదిలేయడమో చేయాలి తప్ప, చూద్దాంలే అని రంపం కింద పెట్టకూడదు.

గంట ఖర్చు

యంత్రం, ట్రాలీ, మోటారు, పునాది, గ్రైండరు కలిపి 8 లక్షలు, షెడ్డు, యార్డు 4 లక్షలు, దుంగల్లో తిరిగే డబ్బు 5 లక్షలు అనుకుందాం. యంత్రం అరుగుదల పదేళ్ళకు, షెడ్డుది ఇరవయ్యేళ్ళకు వేస్తే నెలకు 8,333. మొత్తం 17 లక్షల మీద 12 శాతం వడ్డీ నెలకు 17,000. డబ్బు మీ సొంతమైనా వడ్డీ వెయ్యాల్సిందే, అది ఇంకెక్కడున్నా వచ్చేదే కదా. స్థలం అద్దె 6,000, కరెంటు స్థిర చార్జీ 1,000, మేస్త్రి జీతం 20,000, లైసెన్సు, బీమా, పద్దుల ఖర్చు 2,667. అన్నీ కలిపి 55,000. రంపం ఆడినా ఆడకపోయినా ఇది పోతుంది.

ఇక ఆడితే పోయేది. ఇద్దరు కూలీలకు రోజుకు 1,200. రోజుకు 5 గంటలు కోత నడిస్తే గంటకు 240. కరెంటు గంటకు 7 యూనిట్ల లెక్కన సుమారు 50. బ్లేడు 3,000 అనుకుని, 20 సార్లు పదును పెట్టేదాకా, ఒక్కో పదునుకు రెండున్నర గంటలు ఆడితే 50 గంటలు వస్తుంది, అంటే గంటకు 60. పదునుకు 150 చొప్పున గంటకు మరో 60. బెల్టు, గ్రీజు, బేరింగుల కింద 40. మొత్తం గంటకు 450.

నెలకు 22 రోజులు, రోజుకు 5 గంటలంటే 110 గంటలు. స్థిర ఖర్చు గంటకు 500, ఆడే ఖర్చు 450, మొత్తం 950. గంటకు 15 సీఎఫ్‌టీ చెక్క దిగితే కోత ఖర్చు అడుగుకు 63 రూపాయలు. అదే రోజుకు 3 గంటలే ఆడితే స్థిర ఖర్చు గంటకు 833కి, కూలి 400కి ఎగబాకి, మొత్తం గంటకు 1,443, అడుగుకు 96 అవుతుంది.

ఇక్కడ గంటలంటే మిల్లు తెరిచి ఉన్న గంటలు కావు, పళ్ళు కర్రలో ఉన్న గంటలు. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా తెరిచే మిల్లులో ఆ గంటలు మూడే ఉండడం వింత కాదు. దుంగ ట్రాలీ మీదికి ఎక్కించడం, తిప్పడం, బ్లేడు మార్చడం, కరెంటు పోవడం, కోసిన చెక్క మోయడంలో తక్కినదంతా కరిగిపోతుంది. మోటారు దగ్గర గంటల మీటరు పెట్టుకుంటే నిజం తెలుస్తుంది. దుంగల మంచె ట్రాలీ ఎత్తుకు సమంగా కట్టి, దొర్లించి ఎక్కించేలా చేస్తే రోజుకు ముప్పావుగంటో గంటో తిరిగొస్తుంది. పెద్ద మోటారు కొనడం కన్నా ఈ మంచె చవక. తూర్పు డిస్కం (ఈ జిల్లాల కరెంటు పంపిణీ సంస్థ) కరెంటు కోత వేళలు మీ ఫీడరులో ఎప్పుడో కనుక్కుని, పదును, సైజుల కట్టలు, పేర్పు పనులు ఆ వేళకు పెట్టుకోండి.

ఒక దుంగ కథ

పైన చెప్పిన 10 సీఎఫ్‌టీ మామిడి దుంగను 300 చొప్పున కొన్నారు. 3,000. కొట్టుడు, ఎత్తుడు, ట్రాక్టరు 400. మొత్తం 3,400. అసలు కర్రలో 55 శాతం దిగితే 7 సీఎఫ్‌టీ చెక్క. అడుగుకు కర్ర ఖర్చు 486. కోత 63, పురుగు పట్టకుండా మందు, ఎండబెట్టే పేర్పు, నీడ 25 కలిపితే 574. ఎండేటప్పుడు పగిలి, వంగి పదో వంతు పోతుందనుకుంటే చేతికి దక్కేది 6.3, అడుగుకు 638. పక్కచెక్కలు, పొట్టు అమ్మితే దుంగకు ఒక 220 వచ్చిందనుకోండి, అడుగుకు 35 తగ్గి 603 దగ్గర తేలుతుంది. మీ ఊళ్ళో మామిడి చెక్క 600కు పోతుంటే ఇంత కష్టమూ చేసి చేతిలో ఉన్నది అడుగుకు 3 రూపాయలు వదులుకున్నట్టు.

ఇప్పుడు ఏ మీట నొక్కితే ఎంత కదులుతుందో చూడండి. కోత ఖర్చును మూడో వంతు తగ్గించడానికి చాలా తంటాలు పడాలి, మిగిలేది అడుగుకు 21. దిగుబడి 55 నుంచి 50కి జారితే కర్ర ఖర్చు 486 నుంచి 534కు పోతుంది, అంటే 48 నష్టం. బెరడు తీసి కొలిచి 378 మిగుల్చుకుంటే 7 అడుగుల మీద అడుగుకు 54. కోత ఖర్చు మొత్తం ఎంతో, బెరడు మీద టేపు పెట్టిన తప్పు దాదాపు అంత. కూలీల్ని అరిచి తొందరపెట్టే యజమాని టేపు దగ్గర, రంపం దవడ దగ్గర ఉండడం లాభం.

రంపం తినే కర్ర

ప్రతి కోతలోనూ కొంత కర్ర పొట్టు అవుతుంది. గుండ్రంపం 6 మిల్లీమీటర్లు తింటే, బాగా సర్దిన బ్యాండ్‌సా 2 మిల్లీమీటర్లు తింటుంది. 300 మిల్లీమీటర్ల దిమ్మ నుంచి 25 మిల్లీమీటర్ల పలకలు తీస్తే గుండ్రంపం మీద 9 వస్తాయి, బ్యాండ్‌సా మీద 11. పాత గుండ్రంపం చవగ్గా దొరికిందని సంతోషించేవాళ్ళు ఈ రెండు పలకల ధర వెయ్యి దుంగల మీద వేసి చూసుకోవాలి. సెంట్రింగు చెక్క, వంటచెరుకు, జామాయిల్ రీపర్ల వంటి చవక సరుకుకు అయితే గుండ్రంపం సరిపోతుంది, పదును పెట్టడమూ సులువు.

బ్లేడు మందం చక్రం వ్యాసంలో వెయ్యో వంతుకు మించకూడదు. 36 అంగుళాలంటే 914 మిల్లీమీటర్లు, కాబట్టి 0.9 మిల్లీమీటర్లు, అంటే 20 గేజి. దానికంటే మందం బ్లేడు వేస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు. చక్రం మీద ప్రతి తిరుగుడుకూ అది వంగి, లేచి, లోహం అలిసిపోయి పళ్ళ అడుగు నుంచి పగుళ్ళు మొదలవుతాయి. 42 అంగుళాల చక్రానికైతే 19 గేజి సరిపోతుంది.

కోత అలలా వస్తుంటే వరసగా నాలుగు చూడండి. పదును పోయిందా, పళ్ళ వాలు ఒక పక్కకే ఎక్కువగా ఉందా, బిగువు తగ్గిందా, ట్రాలీని బలవంతంగా తోస్తున్నారా. చాలాసార్లు మొదటిదే, కానీ మేస్త్రి మొదట బిగువు పెంచేస్తాడు. మొండి బ్లేడుకు బిగువు పెంచితే అది తెగుతుంది. చెక్క ఒక కొసన లావు, ఇంకో కొసన సన్నంగా ఉంటే తప్పు రంపానిది కాదు, ట్రాలీ పట్టాలది. వానాకాలం తర్వాత పునాది కుంగి పట్టా ఒక పక్క దిగుతుంది. సన్నటి దారం లాగి, నీటిమట్టంతో చూసి సర్దండి. చక్రం అదురుతుంటే ముందు దాని మీద పేరుకున్న పొట్టు, జిగురు గీకండి. మామిడి జిగురు, పనస పాలకు బ్లేడు మీద సబ్బునీళ్ళు చుక్కలుగా పడే ఏర్పాటు చాలు.

బ్లేడును పళ్ళు పూర్తిగా అరిగేదాకా ఆడించడం చవక అనుకోకండి. రెండు, రెండున్నర గంటలకు తీసి, వేరేది వేసి, తీసినదాన్ని ఒక రోజు వేలాడదీయండి. సాయంత్రం మిల్లు ఆపాక బిగువు వదలాలి. పదును పెట్టేటప్పుడు పళ్ళ సందు అడుగు గుండ్రంగా ఉండాలి. మూల పదునుగా ఉంటే పగులు అక్కడే పుడుతుంది. ఆకురాయి ఒక్క చోటే ఆపి నీలిరంగు వచ్చేలా కాలిస్తే ఆ పన్ను మెత్తబడి గంటలో మొండైపోతుంది.

సోంపేట, కవిటి తీరంలో సరుగుడు దుంగల బెరడులో ఇసుక ఉంటుంది. పొలాల్లో ఈడ్చి తెచ్చిన ఏ దుంగకైనా మట్టి ఉంటుంది. నీళ్ళ గొట్టం పెట్టి కడగండి, లేదా కోత గీత పడే చోట బెరడు చెక్కేయండి. ఆ 10 నిమిషాలు ఒక పదును కాపాడతాయి.

తిరిగే బ్లేడుకు కవచం లేకుండా, చేతికి గ్లోవు వేసుకుని పనిచేయనివ్వకండి. గ్లోవు పోగు పంటికి తగిలితే చేతిని లాగేస్తుంది. తెగిన బ్లేడు చక్రాల వరసలోనే ఎగురుతుంది, కాబట్టి ఎవరూ ఆ వరసలో నిలబడకూడదు. బ్లేడు చుట్ట విప్పేటప్పుడు మాత్రం గ్లోవు తప్పనిసరి.

కూలి కోత రేటు

ఇంటికి చెట్టు కొట్టించుకుని తెచ్చేవాళ్ళ దుంగలు కోయడంలో కర్ర నష్టం మీది కాదు. అందుకే మొదటి ఏడాది సగం పని ఇదైతే నయం. కాని రేటు దుంగ కొలత మీదా, దిగిన చెక్క మీదా అన్నది, పక్కచెక్కలు ఎవరివి, పొట్టు ఎవరిది అన్నది బోర్డు మీద రాసి పెట్టండి. మామూలుగా పక్కచెక్కలు తెచ్చినవాళ్ళవి, పొట్టు మిల్లుది.

అన్ని సైజులకూ ఒకే అడుగు రేటు పెట్టడం పెద్ద పొరపాటు. ఒక సీఎఫ్‌టీలో 4×3 అంగుళాల గుమ్మం కర్ర 12 అడుగుల పొడవు వస్తుంది, 2×1 రీపరు 72 అడుగులు వస్తుంది. రంపం తిరగాల్సిన పొడవు అంతకు అంత పెరుగుతుంది. గుమ్మాలకు, దూలాలకు సీఎఫ్‌టీ రేటు, రీపర్లకు, సన్న పలకలకు కోత పొడవు అడుగు మీద రేటు, వంకర దుంగలకు, చింత, తుమ్మ వంటి గట్టి కర్రకు గంట రేటు పెట్టండి. గంట రేటు 950 మీద మీ లాభం కలిపి చెప్పండి. మేకు తగిలి బ్లేడు పోతే దాని ఖరీదు దుంగ తెచ్చినవాళ్ళదేనని దుంగ దించకముందే ఒప్పించుకోవాలి. బ్లేడు తెగిన తర్వాత ఆ మాట ఎవరూ వినరు.

అడ్డకోత దగ్గర కూడా డబ్బు పోతుంది. గుమ్మం నిలువులకు 7 అడుగులు కావాలి, కొసలు పగిలేందుకు 3 అంగుళాలు ఎక్కువుంచాలి. 13 అడుగుల వంకర దుంగను అలాగే కోస్తే సగం పక్కచెక్కలే. వంపు ఉన్న చోట 7 అడుగుల 3 అంగుళాల దగ్గర తెంచి, మిగిలిన 5 అడుగుల 9 అంగుళాలను కిటికీలకు వాడితే దిగుబడి ఒక్కసారిగా పెరుగుతుంది. వంపును పొడవు తగ్గించే తీసెయ్యాలి, పక్కలు చెక్కి కాదు.

జాతిని బట్టి

రైతు పొలాల టేకులో తెల్లచేవ (బయటి లేత కర్ర) ఎక్కువ. కొనేవాళ్ళు అడిగేది నల్లచేవ (నడిమి ముదురు కర్ర). 15, 20 ఏళ్ళ టేకు దుంగ కొస చూసి, నల్లచేవ గుండ్రం ఎంతుందో కొలిచి ధర కట్టండి. దుంగ చుట్టు చూసి కడితే తెల్లకర్రకు టేకు ధర పెట్టినట్టవుతుంది.

జామాయిల్ దుంగ లోపల ఒత్తిడితో ఉంటుంది. ఒక పక్క నుంచే కోస్తూ పోతే పలక విల్లులా లేస్తుంది. ఒక కోత ఇటు, వెంటనే దుంగ తిప్పి ఒక కోత అటు వెయ్యాలి. పొడుగ్గా ఉండగానే యార్డుకు తెచ్చి, కోసే రోజే తెంచాలి. సరుగుడు ఎండేటప్పుడు మెలి తిరుగుతుంది. గుంజలుగా, వాసాలుగా అమ్మడమే దానికి తగిన పని. సరుగుడు, జామాయిల్ కర్రకు కాగితం మిల్లులు టన్ను లెక్కన ధర ఇస్తాయి, రాయగడ దగ్గరి జేకే పేపరు మిల్లు మనకు దగ్గర్లోదే. ఆ టన్ను ధర మీకు కింది హద్దు. కోసి అమ్మితే దానికంటే ఎంత ఎక్కువ మిగులుతుందో చూసి, మిగలకపోతే రంపం ఎక్కించకండి.

పనస దుంగ పెద్దది, పగుళ్ళు లేనిది, డొల్ల లేనిది వస్తే దాన్ని పలకలు చెయ్యకండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్ళు ఒకే పనస మొద్దులోంచి దండీ, కుండ కలిపి తొలుస్తారు. వాళ్ళకు కావలసిన పొడవు, చుట్టు ముందే కనుక్కుని ఉంచుకుంటే ఆ ఒక్క దుంగ మీద వచ్చే మిగులు చాలా మామిడి దుంగల మీద రాదు.

జీడిమామిడి కర్ర పొట్టిగా, వంకరగా ఉంటుంది. బెరడు రసం చేతికి పుండు చేస్తుంది. పెట్టెలకు, వంటచెరుకుకు తప్ప దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కొబ్బరి వేరే సంగతి. దాని బయటి భాగం గట్టి, లోపలి గుజ్జు మెత్తన. బయటి రెండు మూడు అంగుళాలే అమ్మకానికి పనికొస్తాయి. అది మామూలు పళ్ళను త్వరగా మొండి చేస్తుంది, కార్బైడు పళ్ళు కావాలి. పచ్చిగా ఉన్నప్పుడే కోయాలి.

ఎండబెట్టడం

పచ్చి చెక్క అమ్మేస్తే డబ్బు తొందరగా తిరుగుతుంది, ఎండిన చెక్కకు ధర ఎక్కువ. రెండింటి మధ్య ఎంచుకోవడం మీ చేతిలో ఉన్న పెట్టుబడిని బట్టి. 5 లక్షల సరుకు మూడు నెలలు యార్డులో ఉంటే 12 శాతం వడ్డీకి 15,000 పోతాయి. ఎండిన చెక్క ధర ఆ మొత్తం కంటే, పగుళ్ళ నష్టం కంటే ఎక్కువ పలికితేనే ఆపండి.

ఆపదలచుకుంటే నేల నుంచి అడుగున్నర ఎత్తులో సిమెంటు దిమ్మలు, వాటి మీద దూలాలు వేసి పేర్చండి. పొరకూ పొరకూ మధ్య అంగుళం చదరపు ఎండు రీపర్లు రెండడుగులకొకటి పెట్టాలి. అవి కింది నుంచి పైదాకా ఒకే నిలువు గీతలో ఉండాలి, తప్పితే ఆ చోట చెక్క వంగుతుంది. పచ్చి రీపరు పెడితే దాని గుర్తు నల్లగా పడుతుంది. కొసలకు కోసిన రోజే పెయింటో మైనమో పూయండి, కొసల నుంచే నీరు తొందరగా పోయి పగుళ్ళు వస్తాయి. పైన రేకు, పక్కలు ఖాళీ. పడమటి ఎండ పడితే గోనెపట్టా కట్టండి.

మామిడికి నీలిమచ్చ, పుచ్చు పురుగు తొందరగా పడతాయి. కోసిన రోజే మందులో ముంచాలి. 100 లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో 4 కిలోల బోరిక్ యాసిడ్, 6 కిలోల బోరాక్స్ కరిగించి, పచ్చి చెక్కను ముంచి తీసి, పట్టా కప్పి కొన్ని రోజులు ఒకదాని మీద ఒకటి ఉంచితే మందు లోపలికి దిగుతుంది. ఆ తర్వాతే రీపర్లు పెట్టి పేర్చాలి. వానకు ఈ మందు కొట్టుకుపోతుంది కాబట్టి ఇంటి లోపలి పనికే. మిగిలిన మందునీళ్ళు చెరువులోకో పొలంలోకో వదలకండి.

అమ్మకం, గాలివాన

గుమ్మాల గిరాకీ ముహూర్తాలతో ముడిపడి ఉంటుంది. ఆషాఢంలో, పుష్యంలో, మూఢం ఉన్న రోజుల్లో ద్వారబంధం ఎత్తరు, కాబట్టి గుమ్మం సైజులు కదలవు. మాఘం నుంచి వైశాఖం దాకా మిల్లుకు ఊపిరాడదు. మంచి గుమ్మం కర్ర శూన్యమాసాల్లో కోసి ఆరబెట్టి ఉంచండి. ఆ నెలల్లో రంపం ఆడాలంటే రీపర్లు, సెంట్రింగు, కూలి కోత వెతుక్కోవాలి. పిడుగు పడ్డ చెట్టు, కొన్ని ఇళ్ళల్లో చింత గుమ్మానికి వాడరు. ఏ కర్రో దాచకుండా చెప్పండి, అది తెలిశాక తిరిగొచ్చే సరుకు ఖర్చు మీదే. వరి కోతలయ్యాక పొలాల్లోకి ట్రాక్టరు దిగుతుంది కనుక దుంగలు చవగ్గా వచ్చేది సంక్రాంతి నుంచి తొలకరి లోపు.

అరువు మీద వడ్రంగులకు సరుకిస్తే దాన్నీ పెట్టుబడి కిందే వేసుకోండి. కలప మీద జీఎస్టీ 18 శాతం, కూలి కోత సేవ కిందకు వస్తుంది, రెండింటి పద్దులు వేరువేరుగా రాయించండి.

ఇక తుపాను. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అలాంటప్పుడు దుంగలు అడిగిన ధరకు దొరుకుతాయి, యార్డు నింపేయాలనిపిస్తుంది. మూడు వారాల్లో కోయగలిగినంతే కొనండి. మీ రంపం రోజుకు 75 సీఎఫ్‌టీ చెక్క ఇస్తే, దుంగ కొలతలో 107, ఆరు రోజుల వారం లెక్కన మూడు వారాలకు సుమారు 1,900. దానికి మించి కొన్న మామిడి నీలిమచ్చ పడి, పుచ్చి వంటచెరుకు ధరకు దిగుతుంది. నీటి గుంటలో పూర్తిగా ముంచి ఉంచితే ఇంకొన్ని వారాలు ఆగుతుంది, సగం మునిగి సగం తేలితే మాత్రం తేలిన భాగం పాడవుతుంది, బరువు వేసి ముంచాలి. గాలికి పడ్డ చెట్టుకు లోపల అడ్డపగుళ్ళు ఉండొచ్చు. దిమ్మ చేశాక పోగుకు అడ్డంగా సన్నటి ముడుత గీత కనబడితే దాన్ని దూలానికి, వాసానికి అమ్మకుండా సెంట్రింగుకు పక్కన పెట్టండి.